ఒంటిచేతి ఆమీన్

ఆమీన్ అని చేతులు దించి చూసుకునేసరికి సూది లేదు.

కోడలు ముందు ఒళ్ళో చూసుకుంది. తర్వాత బొంత మీద, ఆ తర్వాత చాప మీద. ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, బొంత అంచు ఎత్తి దాని కింద కూడా చూసింది. దారపు ముక్కలున్నాయి, దూది పోగులున్నాయి, ఎవరిదో విరిగిన గాజు ముక్క కూడా ఉంది. సూది మాత్రం లేదు.

దువా మొదలయ్యే ముందు సూది చేతిలోనే ఉంది. అది ఖాయం. అప్పుడే దారం అయిపోయింది. ఇంకో పోగు ఎక్కిద్దామనుకునేలోగా మసీదు మైకు గరగరమంది. ఇమాంగారి గొంతు వినగానే షెడ్డులోని ఆడవాళ్ళంతా ఎక్కడి పని అక్కడ ఆపి చేతులెత్తారు. ఆమె కూడా సూదిని బొంత మూల గుచ్చి చేతులెత్తి కళ్ళు మూసుకుంది. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధంలో ఇళ్ళు కూలిపోయి, చలిలో గుడారాల కింద ముడుచుకుని పడుకున్న పసివాళ్ళ కోసం ఇమాంగారు అల్లాని వేడుకుంటుంటే ఆయన గొంతు వణికింది. వీధి వీధంతా ఒక్క గొంతుతో ఆమీన్ అంది. ఎదురుగా మంగలి షాపులో సగం గీసిన గడ్డంతో కూర్చున్నాయన కూడా అన్నాడు.

మధ్యలో ఒక్కసారి, ముక్కు తుడుచుకోడానికి, ఆమె కళ్ళు తెరిచింది. వెనకాల మామ నిలబడి ఉన్నాడు. దువాకి ఎవరైనా రెండు చేతులూ ఎత్తుతారు. ఆయన ఒక్కటే ఎత్తాడు. పొద్దుటినుంచి మూటలు మోసీ మోసీ భుజం పట్టేసినట్టుంది పాపం అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఇప్పుడు సూది లేదు. బయట లారీ ఉంది.

ఆ షెడ్డు అత్తమామలది. మామ దూది ఏకి, పరుపులూ బొంతలూ చేసి అమ్ముతాడు. యుద్ధం వార్తలు మొదలైన దగ్గర్నుంచి అమ్మకం ఆపేసి, ఏకిన దూదంతా అక్కడి పిల్లల బొంతలకే ఇస్తున్నాడు. పేటలో ఆడవాళ్ళు ఇళ్ళలో పని ముగించుకుని వచ్చి కుడుతున్నారు. కోడలి భర్త ఓడరేవులో సరుకు ఎక్కించే పని చేస్తాడు. పంపే దారి కనిపెట్టింది అతనే. సహాయ సంఘం వాళ్ళు పెట్టిన షరతు మోసుకొచ్చిందీ అతనే. బొంతలో బట్ట, దూది, దారం తప్ప నాలుగోది ఉండకూడదు. రేవులో ప్రతి మూటనీ మెషిన్ కింద పెడతారు. ఇనుము జాడ తగిలిందంటే ఆ మూట ఒక్కటే కాదు, వచ్చిన సరుకంతా వెనక్కే. మళ్ళీ ఓడ ఎప్పుడో, అప్పటికి అక్కడ చలి ఎందర్ని మిగులుస్తుందో అల్లాకే తెలియాలి.

అందుకని సూదుల పెత్తనం అత్త తీసుకుంది. ఆవిడని పేటలో వెనకాల దబ్బనం అంటారు. గోనెసంచులు కుట్టే ఆ పెద్ద సూదిలాగే మనిషి సన్నం, మాట గుచ్చుడు. పొద్దున పన్నెండు సూదులు పంచుతుంది, సాయంత్రం పన్నెండూ తీసుకుంటుంది. ఒక్కొక్కరికీ ఒక చిన్న దూది దిండు ఇచ్చి పైటకి పిన్నుతో పెట్టించింది. చేతిలో లేని సూది ఆ దిండుకే ఉండాలి. బొంతకి గుచ్చి వదిలితే మాత్రం ఆ రోజు వాళ్ళని దూది ఏకినట్టు ఏకేస్తుంది.

కోడలు గుచ్చి వదిలింది.

"ఏమ్మా, ఏమైనా పోయిందా?" అన్నాడు మామ, మూట ఒకటి చంకన పెట్టుకుని.

"ఏం లేదు మామయ్యా."

"ఏదో వెతుకుతున్నట్టుంటేనూ."

"దారం... దారం వెతుకుతున్నా."

మామ అక్కడే కాసేపు నిలబడ్డాడు. "దారమైతే దొరుకుతుందిలే," అని ఏదో అసంతృప్తిగా అని వెళ్ళాడు.

అది చివరి బొంత. అంచు నాలుగు కుట్లు వేస్తే అయిపోతుంది. కోడలు పక్కనున్న టీచరమ్మని సూది అడిగి తీసుకుని ఆ నాలుగు కుట్లూ వేసి ఇచ్చేసింది. ఆ బొంతని ఎన్నిసార్లు తడిమిందో ఆమెకే తెలియదు. అందులో లేదు. అంటే? ఆమీన్ అంటూనే అందరూ లేచిన గందరగోళంలో ఆమె చుట్టూ ఉన్న బొంతలు నాలుగైదు చేతులు మారాయి. మడతలు పడ్డాయి. మూటల్లోకి వెళ్ళాయి. బొంత మూల గుచ్చిన సూది దేనికో పట్టుకుని దాంతోపాటే వెళ్ళిపోయింది. అంతకంటే ఇంకేం జరుగుతుంది?

బయట లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. "పెద్దాయనా! సాయంత్రం అసర్ అజా లోపల కదలకపోతే ఓడ టాటా చెప్పేస్తుంది. ఆ మూట కట్టడానికి ముహూర్తం పెట్టించాలా ఏంటి?"

నిజమే. ఎప్పుడూ చకచకా పని చేసే మామకి ఆ రోజు చేతులు ఆడడం లేదు. కట్టిన మూటే విప్పుతున్నాడు, మళ్ళీ కడుతున్నాడు. తాడు వదులైందంటాడు, ముడి సరిగా పడలేదంటాడు. మధ్యమధ్యలో కోడలివైపు చూస్తున్నాడు.

కోడలు ఎవరివైపూ చూడడం లేదు. చెప్పాలి. చెబితే లారీ ఆగుతుంది. మూటలన్నీ విప్పాలి. వెతకడం పూర్తయ్యేలోగా ఓడ పోతే? ఇన్ని నాళ్ళు ఇంతమంది కుట్టిన కుట్టు తన ఒక్కదాని మూలంగా బూడిదలో పోసిన పన్నీరే. పోనీ చెప్పకపోతే? మెషిన్ పట్టుకుంటుంది. అప్పుడూ సరుకు వెనక్కే. కానీ ఒకవేళ మెషిన్ పట్టుకోలేకపోతే? అంత సన్నటి సూది, అంత దూదిలో. ఓడ ఎక్కి, గుడారం చేరి, ఎవరో తల్లి అమ్మయ్య అనుకుంటూ దాన్ని బిడ్డ మీద కప్పితే?

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, మొదటిసారి ఇదే షెడ్డులో ఆ పిల్లల బొంత కుడుతూ వేలికి గుచ్చుకుంది. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. అత్త ఆ వేలిని తన పైటతో నొక్కిపట్టి అడిగింది. "గుచ్చుకుంది వేలికి కదా, కన్నెందుకు ఏడుస్తోంది?"

"ఏమో అత్తయ్యా."

"రెండూ ఒకే ఒంటివి కాబట్టి. వాళ్ళెక్కడో, మనమెక్కడో. మనకెందుకు ఏడుపొస్తోందని ఎవరైనా అడిగితే ఇదే చెప్పు."

కోడలు లేచి నిలబడింది. చివరి మూట లారీ ఎక్కుతోంది. అత్త గుమ్మం దగ్గర సూదులు వెనక్కి తీసుకోడానికి డబ్బా మూత తీస్తోంది.

"అత్తయ్యా. నా సూది పోయింది."

షెడ్డులో మాటలు ఆగిపోయాయి. పక్కింటి పెద్దమ్మ మాత్రం చెవుడు కాబట్టి, "ఏం పోయిందంట? కరెంటా?" అంది.

"ఎప్పుడు?" అంది అత్త.

"దువా అప్పుడు. బొంతకి గుచ్చి చేతులెత్తా. దించేసరికి లేదు. చెప్పడానికి భయమేసింది."

అత్త కోడలి దిండు చూసింది. ఖాళీ. కోడలి మొహం చూసింది. తర్వాత గుమ్మంలోంచి బయటికి కేకేసింది. "డ్రైవరూ, ఇంజను ఆపు! మూటలన్నీ దించండి!"

"అత్తయ్యా, నా వల్ల..."

"నీ వల్లేనని తర్వాత తిడతా. తీరిగ్గా, కూర్చోబెట్టి తిడతా. ఇప్పుడు టైం లేదు."

లారీ పక్కన మామ రెండు చేతులతో ఒక పెద్ద మూటని తలపైకెత్తి టపీమని కింద పడేశాడు. ఎక్కించేటప్పుడు లేని హుషారు దించేటప్పుడు వచ్చింది.

*

చేత్తో తడిమి వెతికితే రేపటికి కూడా తేలేలా లేదు. ఉపాయం చెప్పింది మసీదు మౌజన్. అజా ఇచ్చే ఆయనకి మైకంటే ప్రాణం, అందుకే పేట మొత్తం మైకు సాబు అంటుంది. గొడవ విని వచ్చి, విషయం తెలుసుకుని, మళ్ళీ మసీదుకి పరిగెత్తి, పాతబడి మూలపడేసిన లౌడ్‌స్పీకరు వెనకనుంచి పెరికిన అయస్కాంతంతో వచ్చాడు. రొట్టెంత ఉంది.

"దీని బలం మీకు తెలీదు," అన్నాడు గర్వంగా. "పోయినేడాది నా జేబులో తాళాలగుత్తిని గుంజుకుంటే నేను కూడా దాంతోపాటు వెళ్ళా."

"సోది ఆపి పట్టుకో సాబూ," అంది అత్త.

చాపలు పరిచారు. ఒక్కో బొంతనీ ఇద్దరు చెరో వైపు పట్టుకుని సాపు చేస్తున్నారు. మైకు సాబు మోకాళ్ళ మీద కూర్చుని అయస్కాంతాన్ని బట్టకి ఆనిస్తూ ఈ చివర్నుంచి ఆ చివరికి లాగుతున్నాడు. ఇనుముంటే బట్ట ఎగిరి అతుక్కుంటుంది. చూసినవాటిని మామ ఒక పక్కన పేరుస్తున్నాడు. మొదటి మూటలో ఏమీ లేదు. రెండో మూటలో సగానికి వచ్చేసరికి టక్‌మని చప్పుడైంది.

"దొరికింది!" అని కోడలు అరిచింది.

సూది అంత చప్పుడు చెయ్యదు. అత్త కత్తెరతో అంచు విప్పి, దూదిలో వేళ్ళు పెట్టి బయటికి తీసింది. మగవాళ్ళ చేతిగడియారం.

బేకరీ ఆవిడ మెల్లిగా తన పైట సర్దుకుంది.

"ఇది మీ ఆయనది కదూ?" అంది టీచరమ్మ. "పోయిందని పాపం బేకరీలో పనివాళ్ళందర్నీ అడిగాడే!"

"నేనే పెట్టా," అంది బేకరీ ఆవిడ. "గుడారాల్లో ఉన్నవాళ్ళకి నమాజు వేళ తెలియొద్దూ? ఈయనకెందుకు గడియారం? పెళ్ళినాడైనా టైముకొచ్చాడా?"

ఒక్కసారి నవ్వులు పేలాయి. అత్త నవ్వలేదు. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "సాబు అయస్కాంతానికి ఆగి ఊరుకుంది," అంది. "ఇక నీ మొగుడు ఏ టైముకొచ్చినా రైటే. చెప్పాను కదే, నాలుగోది ఉండకూడదని! మెషిన్ పట్టుకునుంటే ఏమయ్యేది?"

"చిన్న వస్తువేగా వదినా."

"సూది ఇంకా చిన్నది."

ఆ మాటకి కోడలు తల దించుకుంది. కానీ అప్పుడే టీచరమ్మ లేచి, తను కుట్టిన బొంతల్లోంచి ఒకటి తనే లాగి ముందుకు తెచ్చింది. "దీన్ని కూడా చూడండి," అంది, ఎవరి వంకా చూడకుండా.

అందులో ఈల దొరికింది. బళ్ళో ఆటల పీరియడ్‌లో ఊదే ఇనప ఈల.

"ఆడుకోడానికా?" అంది బేకరీ ఆవిడ.

"గోడలు కూలి కింద పడిపోయినవాళ్ళకి అరిచే ఓపిక ఉండదట," అంది టీచరమ్మ. "ఈలైతే ఊపిరున్నంతసేపూ ఊదొచ్చు. పైవాళ్ళకి వినపడుతుంది."

ఎవరూ నవ్వలేదు. బయట డ్రైవరు హారన్ మీద చెయ్యి వెయ్యబోయి, లోపలికి చూసి తీసేశాడు. దిగి వచ్చి, "ఇటివ్వండి, నేనూ ఓ చివర పట్టుకుంటా," అన్నాడు.

ఆ తర్వాతి మూటలో ఇంకో టక్. ఈసారి పొడుగాటి ఇనప తాళంచెవి.

పక్కింటి పెద్దమ్మ దాన్ని చూసి, "అరె, అది ఇంతలోనే వచ్చేసిందా?" అంది.

"ఎవరిది పెద్దమ్మా ఇది?" అత్త ఆవిడ చెవిలో అరిచింది.

"నాదే. మా వీధి తలుపుది. ముసల్దాన్ని, ఒక్కదాన్ని, మూడు గదులెందుకే నాకు? ఇల్లు లేనివాళ్ళు ఎవరైనా వచ్చి ఉంటారని పెట్టా."

"మరి ఇల్లెక్కడో రాసి పెట్టావా?"

"రాయడమెందుకు? వచ్చేవాళ్ళకి అల్లా దారి చూపించడా?"

"మరి రోజూ నీ తలుపెలా తీస్తున్నావ్?"

"తియ్యడమేముంది," అంది పెద్దమ్మ. "తాళం చెవి లేకపోతే తాళమెలా వేస్తా? తెరిచే ఉంటోంది."

డ్రైవరు పగలబడి నవ్వి, వెంటనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అత్త తలపట్టుకుంది. "సూది కోసం సోదికెళితే పాత బాగోతాలన్నీ బయటపడ్డాయట! ఇంకెవరెవరు ఏమేం పెట్టారో ఇప్పుడే చెప్పండి. వాచీలూ, ఈలలూ, తాళాలూ! ఇవి బొంతలా, సంతలో దుకాణాలా? ఇవన్నీ రేవులో పట్టుబడితే మన పేట పరువు గంగలో కలిసేది. పరువు సంగతి సరే, ఆ పిల్లలు? ఈ పిల్ల సూది పోగొట్టబట్టి సరిపోయింది గానీ!"

అత్త నోట మొదటిసారి తనకి అనుకూలంగా ఒక మాట వచ్చింది. కోడలు ఆ మాటని మనసులో భద్రంగా పెట్టుకుంది. దాంతోపాటు ఇంకో ఆలోచన కూడా చొరబడింది. మూటలు కట్టింది మామ. ఒక్కో బొంతనీ అరచేత్తో నొక్కి, గాలి తీసి, మడతపెట్టేది ఆయనే. దూదిలో చిన్న గింజ మిగిలినా ఆ చేతికి తెలిసిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. మరి ఇంత లావు తాళంచెవి ఎలా తెలియలేదు?

ఆ ఆలోచన పూర్తవకుండానే మైకు సాబు కేక వేశాడు. "సూది! సూది! అల్‌హందులిల్లాహ్!"

బొంత మూల బట్టలోంచి సన్నటి మొన పైకి పొడుచుకొచ్చి అయస్కాంతానికి అతుక్కుంది. సాబు దాన్ని గోళ్ళతో పట్టి లాగి పైకెత్తి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టినంత పని చేశారు. బేకరీ ఆవిడ కోడలిని వాటేసుకుంది. డ్రైవరు అప్పుడే లారీవైపు నడక మొదలుపెట్టాడు. "ఎక్కించండి ఎక్కించండి! ఇప్పుడు బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుంది, గాలిలో పోతా!"

సాబు సూదిని కోడలి అరచేతిలో పెట్టాడు.

కోడలు దానివంక చూసింది. తన సూది అత్త ఎన్నో ఏళ్ళు వాడి ఇచ్చింది. ఆవిడ వేలి ఒత్తిడికి దాని నడుం కాస్త వంగి ఉంటుంది. ఆ వంపుకి అలవాటు పడడానికే కోడలికి చాలా రోజులు పట్టింది. అరచేతిలో ఉన్న సూది మాత్రం నిటారుగా, కొత్తగా, తళతళలాడుతోంది.

ఇది తనది కాదు.

ఊరుకుంటే? ఒక సూది పోయింది, ఒక సూది దొరికింది. లెక్క సరిపోయింది. లారీ కదులుతుంది. ఓడ అందుతుంది. అత్త తిట్లు కూడా తప్పొచ్చు. ఇంకా చూడని మూటలు ఒకటో రెండో ఉన్నాయంతే. ఆ ఒకటి రెండిట్లో తన వంకర సూది ఉంటుందని ఎవరికి తెలుసు?

తనకి తెలుసు.

"ఆగండి," అంది. ఎవరూ వినలేదు. మళ్ళీ అంది. "ఆగండి! ఇది నా సూది కాదు. నాది వంకర."

"ఏ సూదైతే ఏంటమ్మా!" అన్నాడు డ్రైవరు.

"ఇది ఎవరిదో మరి. నాది ఇంకా లోపలే ఉంది."

అందరూ ఒకరి దిండు ఒకరు చూసుకున్నారు. అందరి సూదులూ ఉన్నాయి. మరి ఈ పదమూడో సూది ఎక్కడ పుట్టింది? బేకరీ ఆవిడ ఆ బొంతని తిప్పి చూసింది. అంచు కుట్టు సన్నగా, ఒకే కొలతలో, చీమలబారులా ఉంది. పేటలో అలా కుట్టగలిగేది ఒక్కరే.

ఒక్కొక్క తలా మెల్లిగా అత్తవైపు తిరిగింది.

అత్త మొహం ఎర్రబడింది. కత్తెర తీసుకుని తన కుట్టు తనే విప్పి, దూదిలోంచి ఒక గుడ్డ పొట్లం తీసింది. పొట్లం మూల చిరిగి ఉంది. అందులో ఇంకో రెండు కొత్త సూదులు, నల్లదారం ఒక ఉండ, తెల్లదారం ఒక ఉండ.

"చిరిగితే కుట్టుకోవద్దూ?" అంది అత్త. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. "అక్కడ ఏ తల్లికైనా సూది ఎక్కడ దొరుకుతుంది? గట్టిగానే పొట్లం కట్టా. ఇలా బయటికొస్తుందనుకోలేదు."

పక్కింటి పెద్దమ్మ, ఏమీ వినపడకపోయినా సంగతంతా అర్థమై, "దబ్బనం కూడా దొరికిందే!" అంది.

ఆ పేరు అత్త ముందు ఎవరూ ఎప్పుడూ అనలేదు. టీచరమ్మ పైట నోట్లో కుక్కుకుంది. బేకరీ ఆవిడ బొంతలో మొహం దాచుకుంది. అత్త అందర్నీ ఒకసారి కలియజూసి, తనే ముందు నవ్వింది. ఇక షెడ్డు పైకప్పు రేకులు అదిరాయి.

"ఇదిగో, ఇదేనా చూడమ్మా!" మామ గుమ్మం దగ్గర్నుంచి పిలిచాడు. "తలుపు చెక్కకి గుచ్చి ఉంది. మూటలు మోసేటప్పుడు దేనికో పట్టుకొచ్చి ఇక్కడ దిగినట్టుంది."

ఆయన వేళ్ళ మధ్య నడుం వంగిన సూది.

"నాదే మామయ్యా!"

"అమ్మయ్య," అని ఆయన అందరికంటే గట్టిగా ఊపిరి వదిలాడు.

*

మిగిలిన మూటలు కూడా చూశారు. ఏమీ లేవు. విప్పిన నాలుగు బొంతల్నీ మళ్ళీ కుట్టాలి. డ్రైవరు ఆకాశం వంక చూసి, "కానివ్వండి, అడ్డదారిలో పోతాలే," అన్నాడు.

పెద్దమ్మ మాత్రం తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని దిగులుగా కూర్చుంది. "అయితే వాళ్ళకి తెలిసేదెలా, ఇక్కడో ఇల్లుందని?"

కోడలు ఆవిడ చేతిలోంచి తాళంచెవి తీసుకుని బొంత మూల మీద పెట్టింది. దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, చెవి తీసేసి, తన వంకర సూదికి ఎర్రదారం ఎక్కించింది. గీత వెంట కుట్టుకుంటూ పోయింది. బొంత మూల ఎర్రటి తాళంచెవి ఒకటి లేచింది.

"ఇందులో నాలుగోది ఏదీ లేదు కదా అత్తయ్యా?"

అత్త వంగి చూసింది. వేలితో ఒకసారి నిమిరింది. "పళ్ళు సరిగా రాలేదు," అంది. "అలా అయితే తలుపు తెరుచుకోదు. ఇటివ్వు." కూర్చుని ఆ తాళంచెవి పళ్ళు తనే సరిచేసింది. ఆలోగా టీచరమ్మ ఈల కుట్టింది. బేకరీ ఆవిడ గుండ్రటి గడియారం కుట్టి, ముళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక రెంటినీ పైకే పెట్టేసింది. అత్త తన బొంత మీద ఏం కుట్టిందో ఎవరికీ చూపించలేదు. మడతపెట్టి తనే లారీ ఎక్కించింది.

డబ్బాలో సూదులు లెక్కపెట్టారు. పన్నెండూ ఉన్నాయి. అసర్ అజాకి మైకు సాబు గొంతు సవరించుకుంటుండగా లారీ సందు మలుపు తిరిగింది.

చీకటి పడి అందరూ వెళ్ళాక కోడలు షెడ్డు ఊడుస్తోంది. మామ తాళ్ళు చుట్టుకుంటున్నాడు.

"మామయ్యా, భుజం నొప్పి తగ్గిందా?"

"నాకు భుజం నొప్పెక్కడిదమ్మా?"

"మరి మధ్యాహ్నం దువాకి ఒక్క చెయ్యే ఎత్తారు?"

మామ చేతిలో తాడు ఆగింది. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడుతోందో లేదో చెవి ఒగ్గి నిర్ధారించుకుని, దగ్గరికొచ్చాడు.

"పొద్దున మడతపెడుతుంటే ఒక్కొక్కటీ చేతికి తగిలాయి," అన్నాడు గుసగుసగా. "తాళం, ఈల, గడియారం. అవి చెబితే వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. చెప్పకపోతే సరుకు వెనక్కొస్తుంది. పోనీ ధైర్యం చేసి చెబుదామనుకుంటే ఆఖర్న మీ అత్త పొట్లం తగిలింది. మీ అత్త కుట్టు విప్పమనే మొగాడు ఇంకా పుట్టలేదమ్మా. సూది పోయిందంటే మాత్రం ఆవిడే అన్నీ విప్పిస్తుంది. అదీ లెక్క."

"నా సూదే దొరికిందా మీకు?"

"మీ అత్తదే తీద్దామనుకున్నా. అది ఆవిడ గుండె మీద దిండుకుంటుంది. పులి మీసం పీకమంటావా?" ఆయన మొహంలో నవ్వు తగ్గింది. "నువ్వు వెంటనే చెప్పేస్తావనుకున్నా. నువ్వు చెప్పవు, మూటలైపోతున్నాయి, నాకేమో చెమటలు. నిన్ను అంత భయపెట్టినందుకు తప్పు నాదేనమ్మా. నువ్వు లేచి నిలబడకపోతే నేనే ఒప్పుకునేవాణ్ణి."

"నిజంగా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఓడ బయల్దేరాక ఒప్పుకునేవాణ్ణేమో," అన్నాడు నిజాయితీగా.

కోడలికి నవ్వాగలేదు.

"ఏంటక్కడ ఇద్దరూ గుసగుసలు?" అత్త వంటింట్లోంచి వచ్చింది. చేతిలో ఫోను. "అబ్బాయి చేశాడు. మెషిన్ కింద మూటలన్నీ పెట్టారట. పచ్చలైటే వెలిగిందట అన్నిటికీ. ఓడెక్కిస్తున్నారు."

మామ షెడ్డు మధ్యలో నిలబడిపోయి, ఈసారి రెండు చేతులూ ఎత్తాడు.

అత్త కోడలి దగ్గరికొచ్చి, కొంగు ముడి విప్పి గుడ్డ పొట్లం తీసింది. మూల చిరిగిన చోట కొత్తగా కుట్టి ఉంది. "వాళ్ళకి పంపుదామనుకున్నా. నువ్వు పంపనిచ్చావు కాదు," అంటూ కోడలి చేతిలో పెట్టింది. "నీ దగ్గరే ఉంచుకో. మళ్ళీ దూది తెప్పిస్తున్నా, వచ్చే ఓడకి కుట్టాలి. ఇక కూర్చో."

"ఎందుకత్తయ్యా?"

"తీరిగ్గా తిడతానన్నాగా."

కోడలు చాప పరిచి కూర్చుంది. అత్త ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. తిడుతూ తిడుతూనే మధ్యలో ఒకసారి కోడలి వేలు పట్టుకుని, సూది గుచ్చుకున్న పాత మచ్చ మానిందో లేదో చూసింది. వాళ్ళ వెనకాల మామ చేతులింకా దించలేదు. ఆ తిట్లు అయ్యేదాకా దించేలా లేడు.